మూడో కాపీలో చిన్నాయన సంతకం

నాకు ఊళ్ళు పట్టుకుని తిరిగే జబ్బు ఉంది. యాభై ఏళ్ళుగా ముదురుతోందే తప్ప తగ్గలేదు. కొత్త ఊళ్ళో దిగగానే అందరూ చూడదగ్గ కట్టడాలు వెతుక్కుంటారు. నేను గ్రంథాలయంలో పేపర్లు చదివే గది ఎక్కడుందో వెతుక్కుంటాను. ఫ్యాను కింద కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు, ఆ ఊరివాళ్ళు దేనికోసం పోట్లాడుకుంటున్నారో అరగంటలో తెలిసిపోతుంది. అలాంటి ఒక గదిలోనే నేను కార్బనక్క చేత చీవాట్లు తిన్నాను.

తప్పు నాదే. సోమవారం పేపరు మీద ఆదివారం పేపరు పెట్టాను.

"చదువుకున్నవారిలా ఉన్నారు, వారాల వరస తెలీదా?" అందామె, రెండు పేపర్లూ నా చేతిలోంచి లాక్కుని.

డెబ్భై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో చూపుడువేలు కొసని తుడుచుకుంటూనే ఉంటుంది, అక్కడేదో సిరా అంటుకున్నట్టు. గ్రంథాలయంలో ఆమెకు ఉద్యోగమేమీ లేదు. రోజూ పొద్దున్నే వచ్చి పేపర్లన్నీ తేదీల ప్రకారం సర్దిపెట్టి పోతుంది. వద్దనే ధైర్యం అక్కడెవరికీ లేదు.

మాట మార్చడానికి చేతిలో ఉన్న వార్త చూపించాను. "ఇదిగోనమ్మా, ఎక్కడో కొత్తగా ఉప ప్రధానిని వేశారట. ఉండి ఏం చేస్తాడు గనక? ఉత్త అలంకారం."

ఆమె పేపర్లు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కూర్చోవడం నాలుగు రోజుల పాటు సాగింది. ఆమె చెప్పిందాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఆమె పక్కదారులు తీసేశాను, నావి కొన్ని కలిపాను.

నేను చదివినంతలో ఉప ప్రధాని అనేవాడు చిత్రమైన ప్రాణి. చాలా దేశాల మూల చట్టంలో అతని ఊసే ఉండదు. ప్రధాని వేస్తే ఉంటాడు, తీసేస్తే పోతాడు. ఒకచోట కూటమిలోని రెండో పార్టీని చల్లబరచడానికి ఆ కుర్చీ ఇస్తారు. మరోచోట సొంత పార్టీలోనే మొదటి కుర్చీ దక్కనివాడి అలక తీర్చడానికి ఇస్తారు. ఏదో ఒక శాఖ చేతిలో ఉంటుంది కాబట్టి కాలక్షేపానికి లోటుండదు. ప్రధాని ఊళ్ళో లేనప్పుడు సభలో తిట్లు తినడం, మంత్రుల సమావేశం నడపడం అతని వంతు. రేపు ప్రధాని పోతే ఆ చోటు తనకే వస్తుందన్న భరోసా మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివాను. ఒక టైపిస్టు ఇవన్నీ ఒకే పొద్దుటిపూట నేర్చుకుంది.

ఆమె ఇరవై రెండో ఏట ప్రధాని కచేరీలో, ఉత్తరాల విభాగంలో చేరింది. ఆ గదికి కిటికీ ఒకటే, మిషన్లు ఆరు. ప్రతి కాగితమూ ఒక అసలు, మూడు కాపీలు కొట్టాలి. నాలుగు కాగితాలు, మధ్యన మూడు కార్బన్లు సర్ది, అంచులు బల్లకేసి తట్టి, మిషన్లో ఎక్కించి టకటకలాడించేది. అసలు కాగితం సంతకానికి పోతుంది. అడుగున ఉండే మూడో కాపీ పల్చటి కాగితం, కచేరీ బీరువాకి పోతుంది. తోటివాళ్ళు అసలు చూసి తప్పులు దిద్దితే, ఈమె మూడో కాపీ చూసి దిద్దేది. "పైకాగితం అందరికీ అందంగానే కనిపిస్తుందండీ. ఎవరి వేళ్ళలో ఎంత బలముందో అడుగు కాగితంలోనే తెలిసేది" అంది నాతో. కార్బనక్క అన్న పేరు అందుకే వచ్చింది. చివరికి జీతాల పట్టీ రాసే గుమాస్తా కూడా అసలు పేరు గుర్తురాక ఒకసారి అలాగే రాసేశాడట.

ఆ కచేరీలో ప్రధానిని పెద్దాయన అనేవారు, ఉప ప్రధానిని చిన్నాయన అనేవారు. ఇద్దరికీ చుట్టరికం లేదు, వయసులో చిన్నాయనే మూడేళ్ళు పెద్ద.

ఇల్లు ఒక బేకరీ పైన. మూడు గదుల్లో అన్నదమ్ములిద్దరి కాపురాలు, వాళ్ళ అమ్మ. పెద్దబ్బాయి రైల్వేలో ఉండేవాడు. రెండోవాడు, అంటే ఈమె భర్త, బడిలో డ్రాయింగు మాస్టారు. అత్తగారికి కాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం ఇల్లంతా తిరిగేది. రేడియోలో చిన్నాయన పేరు వినిపించినప్పుడల్లా చిన్నకోడల్ని నిలదీసేది.

"ఏమే, ఇంతకీ మీ చిన్నాయన చేసే పనేంటే?"

"అక్కయ్య పుట్టింటికి వెళ్ళినప్పుడు నేనేం చేస్తానో అదే అత్తయ్యా."

"అంటే బీరువా తాళాలు నీ దగ్గరుంటాయి, తియ్యాలంటే మాత్రం నన్నడుగుతావు."

"అదే."

"ఆ మాత్రానికి కారెందుకట?"

తోడికోడలు వెళ్తూ వెళ్తూ తాళాల గుత్తి చేతిలో పెట్టి "అన్నీ నీవే" అనేదట. కచేరీలో ఆ గుత్తికి బదులు ఒక ఉత్తరం ఉండేది. పెద్దాయన దేశం దాటినా, జబ్బుపడినా, "నేను తిరిగి బాధ్యతలు చేపట్టేవరకు నా విధులను ఉప ప్రధాని నిర్వహిస్తారు" అని తేదీలు వేసి సంతకం చేయాలి. అది చేతికి వచ్చేదాకా చిన్నాయన ఇంకో మంత్రి, అంతే. వచ్చాక ప్రభుత్వమంతా ఆయనే. నాలుగు పంక్తులు. వాటిని పదకొండేళ్ళుగా కొడుతున్నది కార్బనక్కే.

సంతకానికి పోయే కాగితాలకు ఒక అట్ట ఉండేది, రెండు రెక్కల దళసరి అట్ట. సంతకం పడాల్సిన కాగితానికి ఒక ఎర్ర చీటీ గుచ్చేవారు. చదవడం కార్యదర్శి పని. పెద్దాయన చూసేది ఎరుపే. రోజుకు వంద ఎర్ర చీటీలు చూసేవాడికి అంతకంటే చూపు మిగలదు.

ఆ ఏడాది పదకొండు రోజులుగా ఏకధాటిగా వాన. ఊరికి ఎగువన ఉన్న జలాశయం నిండుకుండలా ఉంది. పెద్దాయనకు గుండె దగ్గర ఏదో నాళం పూడుకుపోయిందన్నారు. గురువారం ఉదయం తొమ్మిదికి ఆపరేషన్. బుధవారం సాయంత్రం కార్బనక్క ఉత్తరం కొట్టింది. నమూనాకి బీరువాలోంచి కిందటేడు విదేశాలకు వెళ్ళినప్పటి ఉత్తరం తాలూకు మూడో కాపీ తీసి పక్కన పెట్టుకుంది. అయిదున్నర బస్సు తప్పితే వానలో ఇంకోటి రాదు. కాగితాలు అట్టలో పెట్టింది, ఎర్ర చీటీ గుచ్చింది, పరుగెత్తింది.

గురువారం తొమ్మిదీ పదికి కార్యదర్శి ఆసుపత్రి నుంచి వచ్చాడు. గొడుగు నీళ్ళు కారుతుండగానే అట్ట ఆమె బల్ల మీద పడేశాడు.

"ఏడింటికే పెట్టేశారు. చిన్నాయనకి పంపెయ్" అని, వచ్చిన కారులోనే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

ఆమె అట్ట తెరిచింది. ఎర్ర చీటీ ఉంది, దాని పక్కన పెద్దాయన సంతకం ఉంది. నల్ల సిరా ఊదారంగు అక్షరాల మీదికి ఎగబాకింది. ఊదారంగు! అసలు ఉత్తరం నల్ల రిబ్బనుతో కొట్టినది కదా. ఆమె చదివింది. "విదేశీ పర్యటనలో ఉండు పదకొండు రోజులు..." కిందటేటి తేదీలు. దాని వెనకాల తెల్లటి దళసరి కాగితం, ఇవాళ్టి ఉత్తరం, అడుగున ఖాళీగా ఉంది.

"పల్చటి కాగితమని ఆయన చేతికైనా తెలియలేదా?" అని అడిగాను నేను.

"కళ్ళజోడు తీసేశారు. సూది గుచ్చిన చెయ్యి. ఎరుపు కనిపించింది, పెట్టారు. తప్పు ఆయనదెలా అవుతుంది? చీటీ గుచ్చింది నేను."

ముందుగా ఆమె చేసిన పని చుట్టూ చూడటం. ఎవరూ చూడలేదు. రెండో పని అట్ట మూసెయ్యడం. మూసేస్తే ఎవరికి తెలుస్తుంది? రేపో మాపో పెద్దాయన లేచాక అసలు ఉత్తరం మీద పెట్టించుకోవచ్చు. ఉద్యోగం గురించి కాదని నాతో ఎంత చెప్పినా, ముందు తట్టింది అదేనని ఆమె ముఖమే చెప్పింది. డ్రాయింగు మాస్టారి జీతంతో మూడు గదుల ఇల్లు నడవదు.

ఆసుపత్రికి ఫోన్ చేసింది. నర్సు ఎత్తింది.

"లోపలికి తీసుకెళ్ళి పావుగంటైందమ్మా."

"బయటికెప్పుడొస్తారు?"

"నాలుగ్గంటలు పడుతుంది. మాట్లాడాలంటే సాయంత్రమే. మీరు ఇంటివాళ్ళా?"

"కాదు" అని ఫోన్ పెట్టేసింది. 

సాయంత్రం దాకా ఈ దేశానికి పెద్దదిక్కు లేడు. ఈ సంగతి తెలిసిన మనిషి ప్రపంచం మొత్తానికి తానొక్కతే.  ఆ మాట చెబుతూ, గ్రంథాలయంలో పక్క బల్ల దగ్గర ఎవరో పేపరు తిప్పిన చప్పుడుకి ఆమె ఉలిక్కిపడింది. నలభై ఏళ్ళ కిందటి భయం అంత పచ్చిగా ఉంటుందని నేననుకోలేదు.

అట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. చిన్నాయన గది తలుపు తెరిచే ఉంది. పొట్టి మనిషి, ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకుని నించున్నాడు. అవతల జలాశయం ఇంజనీరు అరుపు గుమ్మం దాకా వినిపిస్తోంది.

"ఒంటిగంటకల్లా గేట్లెత్తకపోతే కట్ట ఆగదండీ! ఎత్తితే దిగువపేట మునుగుతుంది. ఆరువేల మంది ఉన్నారు. ముందు వాళ్ళని లారీల్లో ఎక్కించాలి, ఎక్కనంటే పోలీసులు ఎక్కించాలి. రాతపూర్వకంగా ఉత్తర్వు లేకుండా నేను గేటు మీద చెయ్యి వెయ్యను. కిందటిసారి నోటిమాట విని ఎత్తినవాడు ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడు!"

"పన్నెండుకి మీ చేతిలో ఉంటుంది" అన్నాడు చిన్నాయన. ఫోను పెట్టి ఆమెను చూశాడు. "రా అమ్మా. ఉత్తరమేగా? ఇలా ఇవ్వు, దానికోసమే కాచుక్కూచున్నా."

ఆమె అట్ట తెరిచింది. రెండు కాగితాలూ పక్కపక్కన బల్ల మీద పరిచింది.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"దీని ప్రకారం నేను కిందటేడు పదకొండు రోజులు ప్రధానిని."

"అవునండి."

"ఇవాళ?"

"ఇవాళ... మీరు మీరేనండి."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఎవరికి చెప్పావు?"

"మీకే. చీటీ నేనే తప్పు గుచ్చానండి. నన్ను..."

"నిన్ను తర్వాత తిడతాను, గుర్తుపెట్టుకుంటాలే. ముందు చట్టాలాయన్ని పిలువు."

చట్టాలాయన అంటే కచేరీకి న్యాయ సలహా చెప్పే ముసలాయన. చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం ఉండేది, దాన్ని తెరవగా ఎవరూ చూడలేదు. తలుపు గడియ వేసి ఆయనకు కాగితాలు చూపించారు.

"నేను సంతకం పెట్టొచ్చా?" అన్నాడు చిన్నాయన.

"నిక్షేపంగా పెట్టొచ్చు. చెల్లదు."

"ఉప ప్రధానిని కదయ్యా!"

"ఆ మాట మీ తలుపు మీద ఉందండీ, చట్టంలో లేదు. పెద్దాయన రాసిస్తే మీరు ఆయన. రాసివ్వకపోతే మీరు విద్యాశాఖ మంత్రి."

"ఆయన ఇవ్వాలనే కదా పెట్టాడు!"

"మనసులో ఏముందో కోర్టు చదవదు. దిగువపేటలో ఒక్క ఇల్లు కూలినా ఆ ఇంటాయన ప్లీడరు మొదట అడిగేది ఈ ఉత్తరమే. అప్పుడు గేట్లెత్తిన ఇంజనీరూ, జనాన్ని ఎక్కించిన పోలీసులూ, మీరూ, అందరూ ఒకే బోనులో నిలబడాలి."

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. కిటికీ అద్దాల మీద వాన కొడుతోంది. కార్బనక్కకు దిగువపేటలో ఎవరూ లేరు. కానీ ఆమె బస్సు రోజూ ఆ పేట మీదుగానే పోతుంది. ఒక ఇంటి అరుగు మీద రోజూ ఒక ముసలామె తల దువ్వుకుంటూ కూర్చుంటుంది. ఆ అరుగు నేలకి రెండే మెట్ల ఎత్తు. ఆ రెండు మెట్లే కళ్ళ ముందు ఆడాయట ఆమెకు.

చట్టాలాయన గడ్డం గోక్కున్నాడు. "ఒక దారుంది. మంత్రులు పదిహేడుగురు. సగం మీద ఒకరు, అంటే తొమ్మిది మంది సంతకం పెడితే అది మంత్రివర్గ ఉత్తర్వు. దానికి ప్రధాని అక్కర్లేదు. మాట వరసకి చెప్పుకుంటే, ఆయన కూడా ఆ పదిహేడులో ఒకడే."

"అయితే సమావేశం పెడదాం."

"పిలిచే హక్కు ఆ ఉత్తరంతోనే వస్తుందండీ. కాగితమే ఒకరి దగ్గర్నుంచి ఒకరికి తిప్పాలి. అది చెల్లుతుంది."

చిన్నాయన వేళ్ళు మడిచాడు. పెద్దాయన ఆసుపత్రిలో. ఏడుగురు వరద జిల్లాల్లో, దారులు తెగి ఉన్నారు. ఊళ్ళో మిగిలింది తనతో కలిపి సరిగ్గా తొమ్మిది మంది. వాళ్ళలో ఒకడు హోం మంత్రి.

 ఉప ప్రధాని కుర్చీ కోసం ఆర్నెల్లు అలిగిన మనిషి హోం మంత్రి. ఎవరి చేతిలోనూ అధికారం లేదని తెలిసిందా, పన్నెండులోపు దేశాధ్యక్షుల వారి మేడకెళ్ళి, ప్రధాని చోట్లో నన్ను వెయ్యండి అంటాడు. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు లాగడం మొదలవుతుంది. ఒంటిగంట ఎవరికోసమూ ఆగదు.

"ఇన్ని సంతకాలెందుకని అడుగుతాడండీ" అంది కార్బనక్క. "ఏం చెప్పమంటారు?"

చిన్నాయన కిటికీ వైపు తిరిగాడు. "నాకు భయమేసిందని చెప్పు."

"అయ్యో, అదేంటండీ!"

"చెప్పు. ఒక్కణ్ణే పెట్టడానికి చెయ్యి రావటం లేదని చెప్పు. ఆయన పరమానందంగా పెడతాడు. వెళ్ళి టైపు చెయ్యి, టైము లేదు."

ఆమె నాలుగు కాగితాలు, మూడు కార్బన్లు సర్దింది. వేళ్ళు వణుకుతున్నాయి. పక్క మిషన్ మీది అమ్మాయి "ఏంటక్కా, చలా?" అంది. "ఆ, చలే" అంది. నమూనా ఏదీ పెట్టుకోలేదు. ఒక్క అక్షరం తప్పుపోకుండా ఒకే ఊపులో కొట్టింది. తీసి కార్బన్లు విడదీయకుండానే అట్టలో పెట్టింది. అసలు మీద బాల్‌పెన్నుతో సంతకం పెడితే కింద మూడింటికీ దిగాలని. నాలుగు సార్లు నాలుగు సంతకాలు పెట్టమంటే ఏ మంత్రీ ఓపిక పట్టడు.

పదీ అయిదుకి బయల్దేరింది. ముగ్గురు మంత్రులు ఆ మేడలోనే దొరికారు. ఒకాయన చదవకుండా పెట్టాడు, ఒకాయన రెండుసార్లు చదివి పెట్టాడు, మూడో ఆయన తన పేరు పక్కన శాఖ పేరు లేదని అలిగి పెట్టాడు. ఇద్దరు వీధికి అవతల సభా భవనంలో ఉన్నారు. అట్టని చీర కొంగు కింద దాచుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో వీధి దాటింది. ఆరో ఆయన ఇంట్లో జ్వరంతో ఉన్నాడు. భార్య లోపలికి రానివ్వలేదు. "ఆయన పేరు నేను పెట్టనా?" అందట. చివరికి ఆయనే దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చి పెట్టాడు. ఆ గుమ్మంలో పోయిన ఎనిమిది నిమిషాలు ఆమెకు ఇప్పటికీ లెక్కే. ఏడో ఆయన పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. నోట్లో దూది. కళ్ళతోనే ఏంటని అడిగాడు. ఆమె ఉత్తర్వు మొత్తం గట్టిగా చదివి వినిపించింది. ఆయన పడుకునే సంతకం పెట్టాడు. డాక్టరు కూడా భయపడి తన చీటీల పుస్తకం కింద ఆనించాడు.

పదకొండూ ఇరవై అయిదుకి హోం మంత్రి గదిలో అడుగుపెట్టింది. చీర అంచునుంచి నీళ్ళు తివాచీ మీద కారుతున్నాయి. ఆయన కాగితం తీసుకుని, ముందు సంతకాలు లెక్కపెట్టాడు.

"ఏడు. ఏంటమ్మా ఇది, పెళ్ళి శుభలేఖా? ఊళ్ళో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. మీ చిన్నాయన పేరు మాత్రం లేదే?"

"చివర్లో పెడతారండి."

"ఓహో, ముందు మేం దూకితే వెనక ఆయన దూకుతాడా! పెద్దాయన రాసిచ్చిన ఉత్తరం ఉంది కదా. ఉందా లేదా?"

"ఉందండి."

"సంతకం?"

"పెద్దాయనే పెట్టారండి, పొద్దున ఏడింటికి."

రెండూ నిజాలే. ఆ ఉత్తరం ఆ క్షణాన ఆమె చేతిలోని అట్టలోనే, ఆయన మోచేతికి మూరెడు దూరంలో ఉంది. అట్ట తెరవమంటే చాలు.

"ఉండగా ఈ ఊరేగింపెందుకు మరి?"

 పదకొండేళ్ళలో చిన్నాయన ఆమెను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ మనిషి గురించి ఆ మాట ఈ మనిషి ముందు అనాలి. గోడ మీద గడియారం చప్పుడు వినిపిస్తోంది.

"ఒక్కరే పెట్టాలంటే... ఆయనకి భయమేసిందండి."

హోం మంత్రి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి వాలేలా నవ్వాడు. "అదీ సంగతి! చెయ్యి వణుకుతోందన్నమాట! లెక్కల మాస్టారికి కూడికలొచ్చు గానీ, తెగింపు ఎక్కడిది?" అని, పెన్ను తీసి, మిగతా అందరికంటే రెండింతలు పెద్దగా, కింద గీతతో సహా సంతకం పెట్టాడు. గది దాటి వస్తుండగానే ఆయన ఫోనులో ఎవరికో చెప్పడం మొదలుపెట్టడం ఆమె విన్నది.

పన్నెండుకు పది నిమిషాలుండగా చిన్నాయన బల్ల మీద కాగితం పెట్టింది.  ఆయన పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. పోలీసు జీపు అసలు కాగితంతో వెళ్ళింది. ఆ తర్వాత చేయగలిగిందేమీ లేదు. ముగ్గురూ ఫోను చుట్టూ కూర్చున్నారు. చట్టాలాయన మొదటిసారి పుస్తకం తెరిచాడు, తలకిందులుగా.

ఒంటిగంటా పదికి ఫోను మోగింది. "ఎత్తామండీ" అన్నాడు ఇంజనీరు. ఇప్పుడాయన అరవలేదు.

దిగువపేటలో కిటికీల దాకా నీళ్ళొచ్చాయి. డెబ్భై ఇళ్ళు కూలాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు. అరుగు మీది ముసలామె, తలదాచుకున్న బళ్ళో పంచిన దుప్పటి బాగోలేదని గొడవపెట్టుకున్నట్టు తర్వాత తెలిసింది. మరుసటేడు ఇళ్ళు పోయినవాళ్ళు దావా వేశారు. ఉత్తర్వు ఎవరిచ్చారని ప్లీడరు లేచాడు. న్యాయమూర్తి తొమ్మిది సంతకాలు చూసి, ఇంకో ప్రశ్న అడుగు, అన్నాడు.

ఆ సాయంత్రం ఆరింటికి పెద్దాయన మంచం పక్కన కార్బనక్క నిలబడింది. ఇవాళ్టి ఉత్తరానికి ఇవాళ్టి ఎర్ర చీటీ తన చేత్తోనే గుచ్చి, పైకి చదివి వినిపించింది.

"పొద్దున పెట్టానుగా?" అన్నాడాయన నీరసంగా.

"ఇది ఇవాళ్టిదండి."

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు. పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి రేడియో చెప్పేసింది. మర్నాడు పేపర్లూ రాశాయి. ఒకటి చిన్నాయన బొమ్మ వేసింది, ఎనిమిది మంది వెనకాల దాక్కుని చెయ్యి మాత్రం బయటపెట్టినట్టు. అత్తగారు ఆ బొమ్మ చూసి మంచం అదిరేలా నవ్వింది.

"ఇదటే మీ చిన్నాయన చేసే పని! ఇంటి తాళాలిస్తే ఇరుగుపొరుగుని పిలిచి బీరువా తీయించాడు!"

ఎన్నడూ ఎదురు చెప్పని చిన్నకోడలు "ఆయన్నేమీ అనకండి అత్తయ్యా" అంది. ఆ గొంతు విని ఆవిడ నిజంగానే ఆగిపోయింది. భర్త ఏమైందని అడిగాడు. చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

రెండేళ్ళకు పెద్దాయన తప్పుకున్నాడు. పార్టీ కొత్త నాయకుణ్ణి ఎన్నుకోవాలి. వరస ప్రకారం చిన్నాయన అవుతాడనుకున్నారు. హోం మంత్రి ఒక్కటే మాట పట్టుకుని ఊరూరా తిరిగాడు: చెయ్యి వణికేవాడి చేతిలో దేశాన్ని పెడతారా? ఓట్ల ముందురోజు కార్బనక్క చిన్నాయన ఇంటికెళ్ళింది.

"నేను చెప్పేస్తానండి. ఉత్తరం సంగతి, చీటీ సంగతి, అన్నీ."

"చెప్పి?"

"మీకు భయం లేదని తెలుస్తుంది."

"ఆ రోజు తొమ్మిది గంటలు ప్రభుత్వమే లేదని కూడా తెలుస్తుంది. రేపు ఇంకో పెద్దాయన మంచమెక్కితే, ఉత్తరం చూపిస్తేగానీ ఏ ఇంజనీరూ కదలడు. నీకింకా ఎంత సర్వీసుంది?"

"ఇరవై ఏళ్ళండి."

"అయితే బస్సు తప్పిపోతుంది, వెళ్ళు."

మర్నాడు ఆయన ఓడిపోయాడు, హోం మంత్రి గెలిచాడు. కొత్త ప్రధాని ఆయనకు ఏ శాఖా ఇవ్వలేదు. తిడతానన్న తిట్టు మాత్రం బాకీ ఉండిపోయింది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె రిటైరైన రోజున, ఒకసారి దిగి మళ్ళీ గద్దెక్కిన ఆ పాత హోం మంత్రే గోడ గడియారం బహుమతిగా ఇవ్వడానికి వచ్చాడు. పాత మనిషి కదా అని అందరి ముందూ పరాచికాలాడాడు.

"ఏమ్మా, మీ చిన్నాయన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉందా?"

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వి, చేతిసంచిలోంచి ఒక పల్చటి కాగితం తీసింది. ఆ పొద్దున బీరువా అప్పగిస్తూ చివరిసారి చూసుకోవడానికి తీసిన ఆ ఉత్తర్వు మూడో కాపీ.

"ఇది అడుగు కాపీ అండి. మీ సంతకం అసలు మీద చాలా పెద్దదిగా పడింది, అందరూ చూశారు. ఇక్కడ మాత్రం కింద గీత ఒక్కటే దిగింది. మీ పేరు నీడలా కూడా లేదు. ఇదిగో, మిగతా ఏడుగురివీ అంతంతమాత్రమే. తొమ్మిదోది, చిన్నాయనది చూడండి, ముదురుగా, నిక్కచ్చిగా ఉంది. వణికిన చెయ్యి మూడు కార్బన్లు దాటదండి."

ప్రధాని కాగితం తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.  గడియారం పట్టుకున్న గుమాస్తా వంక చూసి, "తర్వాతేంటి?" అన్నాడు.

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా చిన్నాయన ఇంటికెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, ఒంటరి. వంటింట్లో స్టవ్ దగ్గర పాలు పొంగకుండా కాపలా కాస్తున్నాడు. జరిగింది చెప్పగానే గరిటె చేతిలోంచి జారింది.

"ఉత్తరం సంగతి చెప్పలేదు కదా?"

"లేదండి."

"హమ్మయ్య." ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నువ్వు అనవసరంగా అబద్ధమాడానని ఇన్నాళ్ళూ బాధపడ్డావమ్మా. ఆ రోజు నాకు నిజంగానే భయమేసింది. ఆరువేల మంది. కాళ్ళు ఆడలేదు" అన్నాడు.

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"అంత గట్టిగా నొక్కితే తెలీదా అండి? మూడో కాపీ చిరిగింది" అంది కార్బనక్క. ఈలోపు పాలు పొంగిపోయాయి. ఇద్దరూ ఒకేసారి స్టవ్ కట్టెయ్యబోయారు.